మూలకణములు, కణకంకాళము

ఆలమూరు మొదలుకొని రావులపాలెము వరకు గౌతమీతీరమున నడచు వారికి అరటితోటలును కొబ్బరితోటలును కనులపండువు చేయుచుండును. ఈ రెండు చెట్లకు గల యొక భేదమును విద్యార్థులు గమనింపవలెను. అరటిచెట్టు ఒక్క గెల వేసి తన పని ముగించుకొనును. రైతు దానిని నరికివేయును. అయినను తోట చావదు. నేలలోని దుంపనుండి పిలకలు లేచి తల్లిచెట్టు స్థానమున నిలుచును. కొబ్బరిచెట్టు సంగతి వేరు. దానికి పిలకలు లేవు. దాని ప్రాణమంతయు శిరస్సునందలి మొవ్వులో నున్నది. కొమ్ముపురుగు తొలిచి ఆ మొవ్వు చచ్చెనేని, మ్రాను ఎంత బలిసినదైనను మరల చిగురింపదు. పోయినదానిని పూరించు శక్తి ఎచ్చట నున్నదో అచ్చటనే జీవము నిలుచుచున్నది.

మనుష్యదేహమునందును ఇట్టి పిలకలును మొవ్వులును కలవు. వానికే మూలకణములని పేరు. ఈ మూలకణములు మూలకణములుగా నుండుటకును, సమయము వచ్చినప్పుడు ఎముకగానో, కండగానో, చర్మముగానో మారుటకును, వాని లోపల నుండు సన్నని దారములవంటి ప్రోటీనులు ఎట్లు తోడ్పడుచున్నవో తెలిసికొనుట ఈ పాఠముయొక్క ఉద్దేశము. ఇది పండితులకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు. సున్నము పడి కన్ను పోయిన బాలునకు మరల చూపు వచ్చునా రాదా యను ప్రశ్న దీనితో ముడిపడి యున్నది.

1. మూలకణము లన నేమి?

మన రక్తములోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు మాత్రమే జీవించును. కనుక చచ్చినవానికి బదులుగా ఎముకమజ్జ ప్రతి సెకండునకు ఇంచుమించు 20 లక్షల క్రొత్త ఎఱ్ఱకణములను తయారుచేయుచుండవలెను. చర్మము పైపొర రాలిపోవుచు, అడుగునుండి క్రొత్తపొర పైకి వచ్చుచుండును. ఈ పనికి మూలధనమువలె నుండునవి మూలకణములు.

వీనికి రెండు లక్షణములు కలవు. మొదటిది, తమవంటి వానినే మరల పుట్టించుకొని వంశమును నిలుపుకొనుట. రెండవది, తమ సంతతిలో కొన్నిటిని ప్రత్యేకమైన పనికి సిద్ధపరచుట. మొదటిది మాత్రమే చేసినచో పనివారు దొరకరు. రెండవది మాత్రమే చేసినచో మూలధనము కరగిపోవును. వివేకియైన రైతు పండిన ధాన్యములో విత్తనమునకు కొంత దాచి తక్కినది తిండికి వాడుకొనునట్లు, దేహము ఈ రెంటిని సమముగా నడుపుచున్నది.

1961లో కెనడా దేశపు టొరంటో నగరమున టిల్, మెకల్లక్ అను శాస్త్రజ్ఞులు ఎలుకల ఎముకమజ్జపై పరిశోధించి, ఒక్క కణమునుండి పలువిధములైన రక్తకణములు పుట్టగలవని నిరూపించిరి. 2006లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున షిన్యా యమనాక, ఎదిగిన ఎలుక చర్మకణములకు నాలుగు కారకములను చేర్చి, వానిని పిండదశయందలి మూలకణములవంటి వానినిగా మార్చెను. ఇందులకు ఆయనకు జాన్ గర్డన్ తోపాటు 2012లో నోబెల్ బహుమానము లభించెను.

2. కణకంకాళము

కణమనగా జిగురునీటితో నిండిన సంచియని పూర్వము తలచెడివారు. అది సరికాదు. మన పల్లెలలోని తాటాకుల పాకను చూడుడు. నిట్టాడు, దూలము, వాసములు, వానిని బిగించిన త్రాళ్లు లేనిదే పైకప్పు నిలువదు. అట్లే కణమునకును లోపల చట్రము కలదు. దీనిని కణకంకాళ మందుము. అయితే మన ఎముకలవలె ఇది స్థిరమైనది కాదు. కణము తనకు కావలసినప్పుడు ఈ చట్రమును ఒకవైపున విప్పి మఱియొకవైపున కట్టుకొనుచుండును. ఇందు ముఖ్యముగా మూడు విధములైన దారములు కలవు.

మొదటిది ఆక్టిన్. పూసలవంటి చిన్న ప్రోటీనులు వరుసగా కూడి, రెండు పేటలుగా మెలిపడి, కొబ్బరిపీచు త్రాడువలె నుండును. దీని లావు 7 నానోమీటర్లు. అనగా ఒక మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేసి అందు 7 భాగము లన్నమాట. 1942లో హంగరీ దేశపు సెగెడ్ నగరమున, సెంట్‌జ్యార్జి పరిశోధనశాలయందు, స్ట్రౌబ్ అను యువకుడు దీనిని కండరమునుండి వేరుచేసెను. పిమ్మట ఇది కండరములందే కాక మన కణము లన్నిటియందును గలదని తెలిసినది.

రెండవది ట్యూబులిన్ అను ప్రోటీనుతో అల్లిన సూక్ష్మనాళము. ఇది వెదురుబొంగువలె లోపల బోలు. సాధారణముగా 13 వరుసలు చుట్టుగా కూడి యేర్పడును. దీని లావు 25 నానోమీటర్లు. కణములో సరకులు ఒకచోటనుండి మఱియొకచోటికి పోవుటకు ఇవియే బాటలు. కణము రెండుగా చీలునప్పుడు ఇవి రాట్నపు కదురువలె అమరి, క్రోమోసోములను ఇరువైపులకు లాగును.

మూడవది మధ్యమతంతువులు. వీని లావు సుమారు 10 నానోమీటర్లు. మన గోళ్లయందును వెండ్రుకలయందును గల కెరటిన్ ఈ జాతిదే. ఇవి లాగుడునకు తెగక కణమును కాపాడును. కేంద్రకము లోపలి గోడకు అస్తరువలె నుండు లామిన్ అను ప్రోటీనులును ఈ జాతిలోనివే.

ఆక్టిన్ త్రాళ్లు తమంతట తాము గట్టిగా లాగజాలవు. మయోసిన్ అను మఱియొక ప్రోటీను వానిని పట్టి లాగును. ఆ కూలివానికి కూడు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థము. దీనిని కండరమునందు కనుగొన్న వారిలో మన తెలుగువాడొక డున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దీనిని ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును వేరుగా కనుగొనెను. నేడు మూలకణము లాగుడును కొలుచు ప్రతి పరిశోధకుడును, తెలిసియో తెలియకయో, ఈ గోదావరి సీమ బిడ్డ వేసిన మెట్టుమీదనే కాలు మోపుచున్నాడు.

3. ఆకారమునుబట్టి వృత్తి

కణము ఏ వృత్తి నవలంబింపవలెనో రసాయనపదార్థములు మాత్రమే నిర్ణయించునని చాలకాలము భావించిరి. 2004లో అమెరికాలో క్రిస్టఫర్ చెన్ బృందమువారు ఒక చక్కని ప్రయోగమును ప్రకటించిరి. ఎముకమజ్జనుండి తీసిన మానవ మూలకణములలో కొన్నిటిని ఇరుకైన గడులలోను, కొన్నిటిని విశాలమైన గడులలోను కూర్చుండబెట్టిరి. అన్నిటికిని అందించిన ఆహారద్రవ మొక్కటే. ఇరుకున గుండ్రముగా ముడుచుకొన్నవి కొవ్వుకణములుగా మారినవి. విశాలమున కాళ్లు చాచుకొన్నవి ఎముకకణములుగా మారినవి. ఆక్టిన్ త్రాళ్ల బిగువును సడలించినంతనే ఎముకగా మారుట తగ్గినది. అనగా ఆకారము కణము ధరించిన వేషము మాత్రమే కాదు. దాని లోపలి బిగువు ద్వారా వృత్తినే నడుపుచున్నది.

2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన డెనిస్ డిషర్, ఆడం ఎంగ్లర్ మున్నగువారు మఱియొక అడుగు వేసిరి. మూలకణములను మెదడువలె మెత్తనైన జెల్లిపై పెంచినప్పుడు అవి నరకణముల పోలికలను, కండరమంత గట్టిదానిపై కండకణముల పోలికలను, ఇంకను గట్టిదానిపై ఎముకకణముల పోలికలను పొందినవి. మయోసిన్ లాగుడును ఆపు మందు వేసినచో ఈ భేదమును కణములు గుర్తింపలేకపోయినవి.

దీని నెట్లు గ్రహింపవలెను? లంకరేవులలో పడవవాడు గడవేయుట చూచితిరి గదా. గడ నేలకు తాకి ఎదురుతన్నినచో అడుగున ఇసుకపఱ్ఱ యని, లోనికి దిగిపోయినచో బురద యని వాడు కంటితో చూడకయే చెప్పగలడు. తాను తోసిన తోపునకు నేల యిచ్చు బదులే వానికి సాక్ష్యము. మూలకణమును అట్లే తన ఆక్టిన్ త్రాళ్లతో చుట్టునున్న దానిని లాగి చూచి, అది ఎంత గట్టిదో తెలిసికొనును. లాగలేనిదానికి తెలియదు.

ఈ వార్త కేంద్రకమునకు చేరు మార్గములలో నొకటి 2011లో ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమున స్టెఫానో పికోలో బృందమువారికి తెలిసినది. యాప్, టాజ్ అను రెండు ప్రోటీనులు కణము గట్టినేలపై సాగియున్నప్పుడు కేంద్రకములోనికి పోయి జీనులను మేల్కొల్పును. మెత్తనినేలపై ముడుచుకొన్నప్పుడు వెలుపలనే యుండిపోవును.

సూక్ష్మనాళముల కదురునకును ఇందు పాత్ర కలదు. ఎలుకపిండముల చర్మముపై టెరీ లెక్లర్, ఇలేన్ ఫుక్స్ అనువారు 2005లో ప్రకటించిన పరిశోధననుబట్టి, అడుగుపొర కణములో కదురు అడ్డముగా పడినచో పిల్లకణములు రెండును అడుగుననే నిలుచును. నిలువుగా నిలిచినచో ఒకటి అడుగున మిగిలి, మఱియొకటి పైపొరకు చేరి చర్మముగా ముదురును. కదురు ఏ దిక్కునకు తిరిగినదను దానినిబట్టి ఒకటి విత్తనముగాను ఒకటి పంటగాను తేలుచున్నవి.

లామినుల విషయమున మన హైదరాబాదునకు మంచి పేరు కలదు. 1977లో ఆరంభమైన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమునందు వీణా పర్ణాయక్ గారు ఈ ప్రోటీనులపై ఏండ్లతరబడి పరిశోధించి, కండకణములు రూపొందునప్పుడు అవి కేంద్రకములో నెట్లు అమరునో పరిశీలించిరి. పిండదశ మూలకణములలో ఎ-జాతి లామిన్ మిక్కిలి తక్కువ. కనుక వాని కేంద్రకము మెత్తన. కణము ముదిరినకొలది ఆ యస్తరు గట్టిపడును. ఈ లామిన్ జీనులో దోషమున్నచో కొన్ని కండరక్షయ వ్యాధులు కలుగునని 1999లోను, బాలులు అకాలమున ముసలివారగు ప్రొజీరియా అను వ్యాధి కలుగునని 2003లోను తెలిసినది. వీనిని చూడగా సన్నని అస్తరులోని తప్పు దేహమంతటిని కూల్చగలదని స్పష్టము.

4. నల్లగ్రుడ్డు అంచున

ఇక కంటి సంగతికి వత్తము. కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె స్వచ్ఛమైన పొర కలదు. దీనిని శుక్లపటల మందురు. దీని పైతోలు 5 మొదలు 7 వరుసల కణములతో నేర్పడి, కొలది దినములలోనే పాతది రాలి క్రొత్తది వచ్చుచుండును. ఈ క్రొత్తకణము లెక్కడనుండి వచ్చుచున్నవి?

ఈ ప్రశ్నకు సాక్ష్యము చెప్పినది కణకంకాళములోని కెరటినే. ఎదిగిన శుక్లపటలకణములకు కె3, కె12 అను రెండు కెరటినులు ముద్రవంటివి. 1986లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున షెర్మర్, గాల్విన్, సన్ అనువారు కుందేలు కన్నును పరీక్షింపగా, శుక్లపటలపు నడుమ అన్ని పొరలయందును కె3 కానవచ్చినది. కాని నలుపు తెలుపు కలియు అంచునందు అడుగుపొరలో మాత్రము అది లేదు. ముద్ర పడనివి ఇంకను ముదురని కణములు. కావున మూలకణములు ఈ అంచునందే యున్నవని వారు నిర్ణయించిరి. ఒక ప్రోటీను ఉండుటవలన గాక, లేకుండుటవలన సత్యము బయలుపడిన దృష్టాంతమిది. 1997లో ఈ రెండు కెరటిన్ జీనులలోని దోషములవలన శుక్లపటలపు పైతోలున సన్నని బుడగ లేర్పడు ఒక వంశపారంపర్యవ్యాధి వచ్చునని తేలినది. కంకాళము చెడినచో కణము పెళుసగునని దీనివలన రుజువైనది.

ఆ అంచు కంటి మొవ్వువంటిది. సున్నము, ఆమ్లము, బాణసంచా మంట తగిలి అది మాడినచో, శుక్లపటలమునకు క్రొత్తకణములు రావు. ప్రక్కనున్న తెల్లగ్రుడ్డు పొర రక్తనాళములతో పాకివచ్చి, స్వచ్ఛమైన కిటికీని కప్పివేయును. అప్పుడు చనిపోయినవారి శుక్లపటలమును తెచ్చి అతికినను అది నిలువదు. ఏలన దానిని పోషించు మూలకణములు లేవు. మొవ్వు చచ్చిన చెట్టునకు నీరు పోసినట్లగును.

అంచు నేల నడిమిదానికంటె మెత్తనయని, ఆ మెత్తదనము మూలకణములను మూలకణములుగా నిలుపుటకు సహాయపడునని 2019లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయపు కొన్నన్ బృందమువారు చూపిరి. కాలిన గాయము గట్టిపడిన నేలయందు క్రొత్తకణములు నిలువకుండుటకు ఇదియు నొక కారణమై యుండును. పైన చెప్పిన పడవవాని గడ దృష్టాంతము ఇచ్చట మరల జ్ఞాపకము చేసికొనుడు.

5. హైదరాబాదు వైద్యుల కృషి

ఈ యంధత్వమునకు ఉపాయమును వెదకినవారిలో మన రాజధానిగా నుండిన హైదరాబాదు వైద్యులు ముందున్నారు. చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి పేర, డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన నేత్రవైద్యసంస్థ యందు, 2001 మొదలుకొని డాక్టరు వీరేంద్ర సంగ్వాన్, డాక్టరు గీతా వేముగంటి మున్నగువారు రోగి మంచికంటి అంచునుండి 2 మిల్లీమీటర్ల తునకను తీసి, దానిని ఉమ్మనీటిసంచి పొరపై ప్రయోగశాలలో పెంచి, చెడిన కంటికి అతుకు పద్ధతిని సాగించిరి. 1997లో ఇటలీలో పెల్లెగ్రీని మున్నగువారు తొలిసారి చేసిన పనిని మనదేశపు బీదరోగులకు అందుబాటులోనికి తెచ్చిన ఘనత వీరిది. 200 మంది రోగుల పదేండ్ల ఫలితములను 2011లో ప్రకటింపగా, నూటికి 71 మందికి పైతోలు నిలిచినట్లు తేలినది.

అయినను ప్రయోగశాలలో పెంచుటకు ఖర్చు అధికము. అందుచేత 2012లో వారు సులభతరమైన మార్గమును ప్రకటించిరి. మంచికంటి తునకను చిన్నచిన్న ముక్కలుగా చేసి, చెడిన కంటిమీద ఉమ్మనీటిసంచి పొరను పరచి, దానిపై నారుమడిలో నారు నాటినట్లు ఆ ముక్కలను జిగురుతో నాటుదురు. కణములు కంటిమీదనే పెరిగి వ్యాపించును. 125 మంది రోగుల ఫలితములను 2016లో ప్రకటింపగా నూటికి 76 మందికి ఇది సఫలమైనది. కడియపులంక నర్సరీలలో కొమ్మను ముక్కలుచేసి అంట్లు కట్టు మన రైతులకు ఈ ఉపాయములోని సూక్ష్మము వెంటనే బోధపడును.

ఇచ్చట క్రైస్తవ తలిదండ్రులు కొందరు అడుగు ప్రశ్నకు సమాధానము చెప్పవలసి యున్నది. మూలకణముల పరిశోధనలో కొన్ని శాఖలు మానవపిండములను వినియోగించుటవలన మనస్సాక్షిగలవారు వెనుదీయుదురు. కాని ఈ చికిత్సయందు కణములు రోగి సొంతకంటివే. ఏ పిండమునకును హానిలేదు. ఉమ్మనీటిసంచియో, ప్రసవానంతరము తల్లి అంగీకారముతో తీసికొన్నది. కనుక దీనిని గూర్చి సంకోచింప నక్కరలేదు.

మఱియొక హెచ్చరికయు నవసరము. మూలకణములతో పక్షవాతము, మధుమేహము, బుద్ధిమాంద్యము అన్నియు కుదుర్తుమని చెప్పి ధనము గుంజువారు దేశమున కలరు. భారత వైద్యపరిశోధన మండలియు, జీవసాంకేతిక శాఖయు 2017లో ప్రకటించిన నియమములనుబట్టి, రక్తవ్యాధులకు ఎముకమజ్జ మూలకణముల మార్పిడి వంటి స్థిరపడిన చికిత్సను మినహాయించి, తక్కినవానిని అనుమతి పొందిన పరిశోధనగా మాత్రమే చేయవలెను. అట్టి పరిశోధనలో పాల్గొను రోగివద్ద సొమ్ము తీసికొనరాదు. పొలము తాకట్టు పెట్టి పరుగెత్తుటకు ముందు, ఆ చికిత్స ఫలితములు ఎచ్చట ప్రకటింపబడినవని యడుగుడు. నిజమైన విద్య తన విజయములనే గాక వైఫల్యములను గూడ లెక్కచెప్పును. పైన చెప్పిన వైద్యులు నూటికి 71 అనియు 76 అనియు చెప్పిరి గాని నూటికి నూరని చెప్పలేదు.

6. మనము చేయవలసినది

ఇంత విద్య కలిగినను, కోల్పోయిన మూలకణములను మరల తెచ్చుకొనుటకంటె ఉన్నవానిని కాపాడుకొనుట సులభము. తాంబూలపు సున్నపు పొట్లములను, గొట్టములను పిల్లలకు ఆటవస్తువులుగా ఇయ్యరాదు. నొక్కినంతనే చిమ్మి కంటిలో పడును. సున్నము క్షారము, క్రొవ్వును సబ్బుగా మార్చు గుణము గలది. కనుక ఆమ్లముకంటెను లోతుగా కంటిలోనికి చొచ్చుకొనిపోవును.

ఒకవేళ పడినచో, ఆ క్షణముననే శుభ్రమైన నీటితో కన్ను కడుగుడు. రెప్పలు విప్పి పట్టి, సుమారు అరగంట వరకు ధారగా పోయుచునే యుండవలెను. రెప్పల లోపల ఇరుకుకొన్న సున్నపు పలుకులను నీటితోనే జారవిడువుడు. ఆముదము, చనుబాలు, ఆకుపసరు మున్నగునవి వేయరాదు. పుల్లనిది వేసి విఱుగుడు చేయ చూడరాదు. కడుగుట ముగిసిన తరువాతనే కంటివైద్యునియొద్దకు తీసికొనిపోవుడు. వైద్యుని వెదకుటకై కడుగుటను ఆపరాదు. మొదటి అరగంటలో కుండెడు నీరు చేయు మేలు, పిమ్మట ఏడాదిలో శస్త్రచికిత్స చేయలేకపోవచ్చును.

విద్యార్థులారా, ఒక్క కణములో ఇన్ని త్రాళ్లు, ఇన్ని బాటలు, ఇన్ని కదురులు ఏ కంటికిని కనబడక పనిచేయుచుండుట చూడగా, మనలను నిర్మించిన దేవుని జ్ఞానమునకు శిరస్సు వంచవలసినదే. ఆయన మనకిచ్చిన బుద్ధిని ఉపయోగించి, మీలో కొందరైనను ఈ విద్యను నేర్చి, చీకటిలో నున్నవారికి వెలుగు చూపువారు కావలెనని మా యాశ.

అభ్యాసమునకు ప్రశ్నలు

1. మూలకణముల రెండు లక్షణములను విత్తనపు ధాన్యముతో పోల్చి వివరింపుము.
2. ఆక్టిన్, సూక్ష్మనాళము, మధ్యమతంతువు: వీని లావులను, పనులను పట్టికగా వ్రాయుము.
3. మయోసిన్ లాగుడు ఆగినచో కణము నేల గట్టిదనమును ఏల గుర్తింపలేదు?
4. కె3 కెరటిన్ లేకుండుట మూలకణముల స్థానమునకు ఎట్లు సాక్ష్యమైనది?
5. మీ యింటిలో సున్నము ఎచ్చట ఉంచుచున్నారో చూచి, పసిపిల్లల చేతికి అందనిచోటికి మార్చి, ఆ సంగతి తరగతిలో చెప్పుము.